భాగ్యక్క ఇంటికి కంకర దారి

మా బావ ఏపిచ్చిన కంకర దారిని చూసిపోతందుకు ఇప్పటికీ మనుషులొస్తరు. ఆర్మూర్‌ల కొత్తగ ఇల్లు కట్టుకునేటోడు ఎవడన్న ఉంటే, వానికి ఎవరో ఒకరు చెప్తరు: వేల్పూర్ రోడ్డు మీద కమీషన్ రామకిష్టయ్య ఇల్లున్నది, పోయి గా దారి చూడు, ఇన్ని వానలు పడ్డా ఒక్క గుంత పడలే అని. వచ్చినోడు బండి దిగి, చెప్పుకాలుతోని కంకరను తన్ని చూస్తడు. ఎన్ని ట్రిప్పులు పట్టినయని అడుగుతడు. బావ అరుగు మీద కూసోని చెప్తడు, మొరం ఇన్ని, పెద్ద కంకర ఇన్ని, చిన్న కంకర ఇన్ని అని. చెప్పుడు అయిపోంగనే లేచి లోపలికి పోతడు. చాయ తాగిపోండ్రి అని సుత అనడు.

గా వచ్చినోళ్లు తిరిగి నా దుకాణం ముందుకెల్లే పోవాలె. పాతబస్టాండు కాడ నాది పైపుల దుకాణం, నా పేరు హరిప్రసాద్. వాళ్లు ఆగి, మీ బావకు జర గర్వమెక్కువనే అంటరు. నాకు ఒంటికాలి మీద లేవబుద్ధయితది. గర్వం కాదురా నాయినా, గా దారి పేరెత్తితేనే ఆయన అక్కడ కూసోలేడు. అందరికి చెప్పుకునే ముచ్చట కాదని ఇన్నొద్దులు నోరు మూసుకున్న. మూసుకొని మూసుకొని నాకే రోగమొచ్చేటట్టున్నది. చెప్తా, ఇనుండ్రి.

రామకిష్టయ్య నా అక్క భాగ్యవతి పెనిమిటి. పెద్ద సావుకార్ల ఇంట్ల పుట్టిన మనిషి కాదు. తండ్రికి ఇందల్వాయిల చిన్న కిరాణం ఉండె, అది నలుగురు కొడుకులకు సరిపోయేది కాదు. పదో తరగతి కాంగనే బావ ఆర్మూర్‌కొచ్చి ఒక కమీషన్ దుకాణంల గుమాస్తగ చేరిండు. పసుపు కుప్పల నడుమ తిన్నడు, పసుపు సంచుల మీద పండిండు. పెండ్లి సూపులకు మా ఇంటికొచ్చిన్నాడు సుత ఆయన గోర్లు పచ్చగనే ఉండె.

పని మాత్రం నేర్చుకున్నడు. కుప్పల చెయ్యి పెట్టి లోపలికెల్లి ఒక కొమ్ము తీస్తడు, చెవి కాడ పెట్టుకొని ఇరుస్తడు. టక్కుమన్నదా, ఎండింది. మెత్తగ ఇరిగిందా, ఇంకా తేమ ఉన్నది. కుప్ప చుట్టు ఒక్కసారి తిరిగి ఇన్ని క్వింటాళ్లు అన్నడంటే కాంటా మీద గంతే తేలేది. ఎవన్నన్న మోసం చేసిండని మార్కెట్ల ఒక్కడు అనలే. గా మాట ఆయన మీద ఎంత కోపమున్నా నేను ఒప్పుకుంట.

సొంత దుకాణం పెట్టుకున్న కొత్తల ఒక యాడాది పసుపు ధర పడిపోయింది. అందరు వచ్చినకాడికి అమ్ముకొని చేతులు దులుపుకున్నరు. బావ అమ్మలే. పసుపు పాలో పెరుగో కాదు, పురుగు పట్టకుంట చూసుకుంటే ఏండ్లకేండ్లు ఉంటది. గోదాంల పెట్టి తాళమేసిండు. మా నాయిన సుత పిచ్చోడివా అల్లుడా అన్నడు. మల్లొచ్చిన యాడాది ధర ఎగిరింది. తిట్టినోళ్లంత ఇంటికొచ్చి చాయ తాగి పొగిడిపోయిన్రు. గా గెలుపే మా బావను ఖరాబు చేసిందని నేనంట. అప్పటికెల్లి ఆయనకు అన్నిటికీ ఒక్కటే మంత్రం, ఆగాలె.

అక్క ఫ్రిజ్ కొనుమంటే దీపావళికి తగ్గుతదన్నడు. దీపావళికి అడిగితే కొత్త మాడల్ రాంగనే పాతది తగ్గుతదన్నడు. వాళ్లకు ఒక్కతే బిడ్డ, మేఘన. గా పిల్ల తొట్టెల ఉండంగ అడిగిన ఫ్రిజ్, పిల్ల బడికి పోవట్టినంక ఇంటికొచ్చింది. మేమంత గా ముచ్చట చెప్పుకొని నవ్వేటోళ్లం. అక్క అందరికంటె ఎక్కువ నవ్వేది. మీ బావ నన్ను చేసుకునేటప్పుడు మాత్రం ధర దిగనియ్యి అనలేదుర హరీ, గది నా అదృష్టం అనేది.

వాళ్లు ఉండేది గోదాం మీది ఇంట్ల. రెండు దిక్కుల ఎవలెవలియో గోడలు, ముంగట సన్నపు గల్లి. వంటింట్ల పట్టపగలు సుత లైటు ఎయ్యాల్సిందే. కింద సంచులు దులిపినప్పుడల్లా పసుపు దుమ్ము మెట్లెక్కి పైకొచ్చి, గిన్నెల మీద, దుప్పట్ల మీద, దేవుని పటాల మీద కూసునేది. పెండ్లయి వచ్చినకాడికెల్లి అక్క గా వంటింట్లనే వండింది. నాకు బంగారమొద్దు, తీర్థాలొద్దు, పొద్దుగాల ఎండ పడే వంటిల్లు ఒక్కటి కావాలె అనేది. నవ్వుకుంటనే అనేది గని, అనుడు మాత్రం ఏనాడు ఇడిసిపెట్టలే.

ఆఖరికి బావ వేల్పూర్ రోడ్డు మీద జాగ తీసుకున్నడు. అంతకుముందు దాంక పసుపు పండిన చెల్క అది, నల్లమట్టి. ముగ్గుపోసిన్నాడు అక్క వచ్చి వంటింటి జాగల నిలవడి, గిక్కడ కిటికీ అని చెయ్యి పెట్టి చూపించింది. ఇల్లు రోడ్డు మొఖాన కడతడనుకున్న నేను. లేదు. రోడ్డు పక్క జాగ ముందు ముందు ధర పలుకుతదట, దాన్ని ఖాళీగ ఉంచాల్నట. ఇల్లు చెల్కకు ఎనుక కొసన కట్టిండు. ఇంటికి, రోడ్డుకు నడుమ రెండు వందల ఫీట్ల నల్లమట్టి మిగిలింది.

గోడలు లేస్తున్న సమయంల అక్క గోదాం మెట్ల మీదికెల్లి జారిపడ్డది. తుంటి ఇరిగింది. నిజామాబాద్‌ల ఆపరేషన్ చేసి లోపల రాడ్ ఏసిన్రు. గా దవాఖానల్నే షుగర్ సంగతి పూరాగ బయటపడ్డది. కండ్ల డాక్టర్ లోపలికి లైటేసి చూసి, షుగరు కంటి నరాలను తింటున్నది, సూదులిస్తే కొన్నొద్దులు ఆపుతయి, ఎన్నొద్దులని మాత్రం నేను చెప్పలేను అన్నడు. బావ ముంగట్నే అన్నడు. నేనక్కడ్నే ఉన్న. మేఘన ఏడ్చింది. అక్క మాత్రం బయటికొచ్చినంక ఒక్కటే అన్నది. కండ్లు పోయేలోపట నా ఇల్లు నాకు చూపియ్యుండ్రి, గంతే చాలు.

ఇగ మాకు పట్టుకున్న ఫికరు అదొక్కటే.

ఇల్లు యాసంగి కోతల నాటికి తయారైంది. కిటికీలు, గచ్చు, సున్నం, అన్ని అయినయి. అక్క వాకర్ పట్టుకొని నాలుగడుగులు నడిచేటట్టయింది. మిగిలింది దారి ఒక్కటే. కట్టేటప్పుడు సామానంత పక్క చెల్క భూమన్న దయతోని ఆయన చెల్కలకెల్లి ట్రాక్టర్ల మీద వచ్చింది. మన జాగల రోడ్డు ఎంబడి కాలువ ఉన్నది, దాని మీద తూములేసి, నల్లమట్టి మీద గట్టి దారి పరిస్తెనే కారు లోపలికి పోతది. రాడ్ ఏసుకున్న తుంటితోని అక్క గా గడ్డల మీద నడువలేదు, ట్రాక్టర్ ఎక్కలేదు.

దారి లెక్క ఏస్తందుకు బావ నన్ను ఎంబడి తీసుకపోయిండు. నిజం చెప్తున్న, గా పొద్దు ఆయన్ను చూస్తే నాకు ముచ్చటైంది. టేపు ఒక కొస నా చేతికిచ్చి ఇంటి మెట్టు కాడ నిలవెట్టిండు, తాను రోడ్డు దాంక పోయిండు. పొడుగు రెండు వందలు. ఎడల్పు పది ఫీట్లన్నడు. కారు పోతే చాలదు, తలుపు తెరిస్తే మీ అక్క కాలు మట్టిల పడొద్దు, కంకర మీదనే పడాలె అన్నడు. గంత ఆలోచన ఉన్న మనిషే, చూడుండ్రి.

ముందుగాల నల్లమట్టి అర ఫీటు తోడి తీసెయ్యాలె. పసుపు తవ్విన చెల్క లోపట గుల్లగుల్లగ ఉంటది, తియ్యకుంట ఏం పోసినా మింగుతది. తీసినంక అడుగున అర ఫీటు మొరం, గట్టిపడే ఎర్ర గరుసుమట్టి. పొడుగును ఎడల్పుతోని, దాన్ని అర ఫీటుతోని కొడితే వెయ్యి ఘనపుటడుగులని నేను లెక్క చెప్పిన. బావ నవ్విండు. పచ్చి పసుపు ఉడకబెట్టి ఎండబోస్తే ఎంత దిగుతదో తెల్సిన మనిషాయె. మొరం సుత నీళ్లు కొట్టి రోలర్ తిప్పితే దిగుతది, నాలుగో వంతు ఎక్కువ తోలాలె అన్నడు. ట్రాలీకి వంద అడుగుల లెక్కన పన్నెండున్నర ట్రిప్పుల మొరం తేలింది. దాని మీద నాలుగు ఇంచుల పెద్ద కంకర, దిగుబాటు కలుపుకొని ఎనిమిది ట్రిప్పులు. ఆ పైన చిన్న కంకర, రాతిపొడి కలిపి రెండించులు, నాలుగు ట్రిప్పులు. నడుమ ఎత్తు చేసి రెండు పక్కలకు వాలు పెట్టాలె, నీళ్లు ఆగొద్దు. అంచుల పొంటి రాతి కడీలు పాతాలె, కంకర చెల్కలకు జారొద్దు. కాగితం లేదు కలం లేదు, అంతా నోటితోనే చెప్పిండు.

మొరం సుత ఊకనే ఒప్పుకోలే. ట్రాక్టర్ సాయన్న అని ఉన్నడు, ఊర్ల మొరం, కంకర తోలేటోడు. వాడు సంచిల నమూనా తెస్తే బావ పిడికిట్ల పట్టి నీళ్లు కలిపి పిసికిండు, రెండు గడ్డలు తీసి ఒకదానికొకటి కొట్టి చెవి పెట్టి ఇన్నడు. సాయన్న నవ్వు ఆపుకోలేక, సేటూ, గిది మొరం, పసుపు కొమ్ము కాదు అన్నడు. బావ పట్టించుకోలే. మట్టి ఎక్కువున్నదని రెండు నమూనాలు వాపస్ పంపిండు. జక్రాన్‌పల్లి దిక్కుకెల్లి తెచ్చిన మూడోది నచ్చింది.

లెక్క అయింది, మొరం నచ్చింది, ఎండలు ముదిరినయి. అయ్యగారు వైశాఖంల గృహప్రవేశానికి మంచి ముహూర్తం పెట్టిండు. ఇగ తోలుడే అనుకున్న. గప్పుడే బావ లోపలున్న పసుపు సావుకారి లేచి కూసున్నడు.

ఎండకాలం గదా, అందరు కట్టేది గప్పుడే. రోడ్డు పనులకు టిప్పర్లన్ని అటే పోయినయి. మొరం, కంకర ధర పెరిగింది. బావ బజార్ల నలుగురిని అడిగి, రెండు పూటలు ఆలోచించి, ఆగుదామన్నడు. రోడ్డు పని అయిపోంగనే టిప్పర్లు ఖాళీ అయితయి, అప్పుడు వాళ్లే ఇంటికొచ్చి బతిలాడుతరన్నడు. సాయన్న తల గోక్కుంట, సేటూ, ఇప్పుడు తోలితే మిర్గం వానల లోపట పేరుకుంటది, వాన పడితే నల్లమట్టిల నా బండి దిగదు అన్నడు. వాడు కిరాయి కోసం అంటున్నడని బావ అనుకున్నడు. వాడు కిరాయి కోసమే అన్నడో ఏమో నాకు తెల్వదు, గని అన్న మాట నిజం.

నేను దుకాణం బంద్ చేసి గోదాంకు పోయిన. గట్టిగనే అడిగిన.

"బావా, మొరం ఆగుతది. అక్క కండ్లు ఆగుతయా?"

"సూదులు ఇప్పిస్తున్న గదా హరీ. మొన్న డాక్టర్ సుత కండ్లు ఇంకింత పాడు కాలేదన్నడు. ఒక్క నెల ఓపిక పట్టు. ఏసేది ఒక్కసారి, మీ అక్క జిందగీల మల్ల ఏసేది లేదు. సక్కగ ఏద్దాం."

గట్లయితె నేనే నాలుగు ట్రాలీల మొరం పోయిస్త, పైపైన పరిస్తె కారు పోతది అన్న. ఆయన మొఖం ఎర్రగైంది. నా ఇంటికి దారి బామ్మర్ది ఏసిండని మార్కెట్ల అనిపిచ్చుకోవాల్నా అన్నడు. గృహప్రవేశానికి మార్కెట్ మొత్తం వస్తది, కమీషన్దార్లు, రైతులు, హమాలీలు, అందరు బురదల దిగి పంచెలు ఎత్తుకొని వస్తరా అన్నడు. ఇజ్జత్ అన్నడు.  వైశాఖం ముహూర్తం పాయె.

అక్కకు చెప్పితె అక్క కోపానికి రాలే. కాని ఒక కోరిక కోరింది. నన్ను గా రోడ్డు దాంకనన్న తీసుకపోండ్రి, దూరంకెల్లి చూస్త అన్నది. ఆటోల తీసుకపోయినం. కాలువ ఇవతల ఆటో ఆపితే, అక్క తల బయట పెట్టి చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకొని చూసింది. అంత దూరానికి ఆమెకు గప్పటికే మసక. తెల్లగ ఏదో కనవడుతున్నది, గదేనా ఇల్లు అని అడిగింది. అవునన్న. వంటింటి కిటికీ ఏ పక్కకున్నదని అడిగింది. గది ఇటు దిక్కు కనవడది అక్కా, తూర్పు పక్కకున్నది అన్న. మంచిగైంది, తూర్పుకే పెట్టిచ్చిండు అని సంబురపడ్డది.

సాయన్న గా దారికెల్లే పోతున్నడు, ట్రాక్టర్ ఆపి దిగిండు. సంగతి ఇని, గింత దానికేంది అమ్మా, మంచం తెస్త, నలుగురం పట్టుకొని అలకగ ఇంట్ల దింపుతం అన్నడు. వాడు మంచి మనసుతోనే అన్నడు. అక్క మొఖం మాడిపోయింది. ఇంకా పాలు పొంగియ్యలే, దేవుని పటం లోపలికి పోలే. ఆలుమగలు కలిసి కుడికాలు పెట్టి పోవాల్సిన కొత్తింట్లకు నలుగురు మనుషులు మంచం మీద మోసుకపోతరా. మా దిక్కు మంచం మీద నలుగురు మోసేది ఎవరినో అందరికి తెల్సు.

"నేనింకా పానంతోనే ఉన్న సాయన్నా," అన్నది. "నా ఇంట్లకు నా కాళ్ల మీదనే పోత."

సాయన్న తప్పయిందమ్మా అని చెంపలేసుకున్నడు. మేం ఆటో మలుపుకొని వాపస్ వచ్చినం.  

మిర్గం గా యాడాది ముందే దిగింది.  వాన పడ్డంక నల్లమట్టి సంగతి తెల్సు గదా, చెప్పు పెడితే చెప్పు ఇడువది. భూమన్న తన చెల్కల దున్ని పసుపు పెట్టుకున్నడు. ఆయన తప్పేమున్నది, ఆయన చెల్క ఆయనిష్టం. కొత్తిల్లు నట్టనడుమ నీళ్ల దీవి లెక్క నిలవడ్డది. తాళం తియ్యనీకి బావ ఒక్కడే మోకాళ్ల దాంక బురదల పోయొచ్చేటోడు. పోయొచ్చి కాళ్లు కడుక్కుంట, రోడ్డు పని అయిపోవచ్చిందట, ధర దిగుతున్నదట అని చెప్పేటోడు.  గప్పటికి ధర దిగితే ఏంది, ఎగిరితే ఏంది, బండి దిగే జాగ లేకపాయె.

వానకాలమంత అక్క గా చీకటి వంటింట్ల కూసోని ఇంటి గురించి అడిగింది. గచ్చు ఏ రంగు, తలుపుకు ఏం పువ్వు చెక్కిన్రు, అరుగు మీద ఇద్దరు కూసోవచ్చునా. బావ చెప్పేటోడు గని ఆయన చెప్పేదంత కొలతలే. తలుపు ఏడు ఫీట్లు, అరుగు ఎడల్పు నాలుగు ఫీట్లు. పోనీ ఫోన్ల ఫొటోలు తీస్కరా అన్నది మేఘన. బావ తీస్కొచ్చిండు. అక్క ఫోన్‌ను ముక్కు కాడ పెట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఎలుగు మెరుస్తున్నది బిడ్డా, ఏం తెలుస్తలేదు అని వాపస్ ఇచ్చింది. గప్పుడన్న ఆయనకు భయం పుట్టాలె. పుట్టింది. పుట్టి ఏం లాభం, వాన తగ్గుతలేదు.

శ్రావణంల ఒకనాడు నేను పోయేటాల్లకు బావ గోదాంల ఒక్కడే కూసోని ఉన్నడు. బయట వాన దంచుతున్నది. నన్ను చూసి, నీ మాట ఇని ఎండకాలంలనే తోలిస్తే అయిపోవు గదా హరీ అన్నడు. జిందగీల మొదటిసారి ఆ మనిషి నోట్లకెల్లి గసుంటి మాట ఇన్న. తిడదామని పోయినోన్ని, తిట్టబుద్ధి కాలే. వాన ఎలుస్తది బావా, ఎలువంగనే ఏద్దాం అని నేనే ధైర్యం చెప్పొచ్చిన. గప్పటికి ఇంకా నాకు సుత ఆశ ఉండె.

బతుకమ్మ పండుగ నాడు పొద్దుగాల అక్క నిద్ర లేచి, కరెంటు పోయిందా అని అడిగింది. కరెంటున్నది. లైటు ఎలుగుతనే ఉన్నది. కంటి లోపల రక్తం కారింది. ఒక కన్ను అప్పటికే పనికిరాకుంట అయింది, ఇప్పుడు రెండోది. నిజామాబాద్‌కు ఉరికినం, అక్కడికెల్లి హైదరాబాద్ తీసుకపోయినం. పెద్ద డాక్టర్ ఆపరేషన్ చేసిండు. కట్టు ఇప్పినంక అక్కకు ఎలుగు ఏదో, నీడ ఏదో తెలిసింది. గంతకు మించి రాదని చెప్పిన్రు. మేఘన అమ్మను పట్టుకొని ఏడ్చింది. బావ ఏడువలే. గోడ పట్టుకొని నిలవడ్డడు.

ఇంటికొచ్చినంక ఆయన పని చూడాలె. దీపావళి అయ్యి నేల జర గట్టిపడంగనే సాయన్నను పిలిచిండు. ధర అడగలే. ఎంతంటే గంతకు తోలుమన్నడు. తూములేసిన్రు, నల్లమట్టి తోడిన్రు, కడీలు పాతిన్రు. మొరం పోసి నీళ్లు కొట్టి రోలర్ తిప్పిన్రు. ఆయన ఎండల తట్ట పట్టుకొని కూలోళ్ల నడుమ నిలవడ్డడు, పెద్ద గడ్డ కనవడితే ఏరి అవతల పడేసిండు. అన్నానికి పిలిస్తే రాలే. కూలోళ్లు సుత, సేటు నువ్వు పక్కకు కూసోవయ్యా, గాలి పీల్చుకోనియ్యి అని నవ్విన్రు. ఆయన నవ్వలే.

లెక్క తప్పలే. గది చెప్పాలె. పన్నెండున్నర ట్రిప్పుల మొరం, ఎనిమిది, నాలుగు, అంతే పట్టింది. ఆఖరి ట్రాలీ కంకర మెట్టు ముంగట పరిచినంక ఒక్క తట్ట మిగలలే, ఒక్క తట్ట తక్కువ కాలే. కూలోళ్లు ఆశ్చర్యపడ్డరు. సాయన్న, సేటూ, ఇంజినీర్లు సుత గింత సక్కగ చెప్పరు అన్నడు. బావ మెట్టు మీద కూసోని రోడ్డు దాంక చూసుకుంట, మా మొగోళ్ల లెక్కలు సల్లగుండ, అని ఒక మాటన్నడు. సాయన్న అది సంబురమనుకున్నడు.

కార్తీకం ఎల్లకముందే గృహప్రవేశం పెట్టుకున్నం. మార్కెట్ మొత్తం వచ్చింది. ఎవల కాలికి బురద అంటలే, ఎవల బండి దిగబడలే. షామియానా కింద అందరు దారి గురించే మాట్లాడుకున్నరు. కారు కాలువ దాటి కంకర మీదికి ఎక్కంగనే చక్రాల కింద చప్పుడు మారింది. ఎనుక సీట్ల అక్క బావ చెయ్యి పట్టుకొని ఉన్నది. దారి మంచిగేసినవు, ఒక్క కుదుపు లేదు అన్నది. బావ కిటికీల కెల్లి బయటికి చూసుకుంట కూసున్నడు.

తలుపు తియ్యంగనే అక్క కాలు కంకర మీదనే పడ్డది. వాకర్ అవతల పెట్టమన్నది. ఒక పక్క బావను, ఒక పక్క మేఘనను పట్టుకొని మెట్టెక్కి, గడప ఏడున్నదని చేత్తోని తడిమి దండం పెట్టి, కుడికాలు లోపల పెట్టింది. పాలు పొంగినప్పుడు చప్పుడు ఇని పొంగినయి అన్నది, ఎవలు చెప్పకముందే. అయ్యగారు అక్షింతలేసి లేచిండు. చుట్టాలంత అన్నాలకు బయటికి పోయిన్రు, వాళ్లను చూసుకోనీకి మేఘన ఎంబడి పోయింది. లోపల మేం ముగ్గురమే మిగిలినం.

అక్క వంటింట్లకు తీసుకపో అన్నది. బావ మెల్లగ నడిపిచ్చుకుంట తీసుకపోయిండు, ఎనుక నేను వాకర్ పట్టుకొని పోయిన. తూర్పు కిటికీకెల్లి ఎండ గచ్చు మీద, గట్టు మీద పడుతున్నది. ఎండ మొఖానికి తగలంగనే అక్క ఆగిపోయింది. అటే తిరిగి కండ్లు మూసుకొని శానసేపు నిలవడ్డది. మూసుకున్నా తెరిచినా ఆమెకు ఒక్కటేనని యాదికొచ్చి నేను తల పక్కకు తిప్పుకున్న.

"ఇగో," అన్నది బావతోని, "నా వంటిల్లు ఎట్లున్నదో చెప్పు."

బావ గొంతు సవరించుకున్నడు. పది ఫీట్లు, పన్నెండు ఫీట్లన్నడు. కిటికీ నాలుగు బై నాలుగు, గట్టు రెండున్నర ఫీట్ల ఎత్తు, నీకు వంగే పని లేకుంట పెట్టిచ్చిన అన్నడు.

"కొలతలొద్దు. ఇన్ని దినాలు కొలతలే ఇన్న. కండ్లున్నోడు చూసి చెప్పినట్టు చెప్పు. ఎట్లున్నది?"

బావ నోరు తెరిచిండు. గోడ దిక్కు చూసిండు, కిటికీ దిక్కు చూసిండు, గచ్చు మీద పడ్డ ఎండ దిక్కు చూసిండు. గా చూపు చూస్తే నాకు అర్థమయింది. ముగ్గుపోసిన్నాటికెల్లి ఆ ఇంటి చుట్టు ఎన్నిసార్లు తిరిగిండో లెక్కలేదు, గని కొత్త జాగకు వచ్చినోని లెక్క అంత వెతుక్కుంటున్నడు. మంచిగున్నది అన్నడు. మల్ల, తెల్లగున్నది అన్నడు. గంతకు మించి మాట రాలే.  గట్టుకు ఆనుకొని కిందికి జారి కూసోని చిన్న పిలగాని లెక్క ఎక్కెక్కి ఏడ్చిండు.

అక్క చెయ్యి చాపి గాలిల వెతికింది. ఆయన తల దొరకంగనే దాని మీద చెయ్యి పెట్టి నిమిరింది.

"అయ్యో," అన్నది, "ఇన్ని దినాలు నువ్వు సుత చూడలేదా?"

ఎత్తిపొడుస్తందుకు అనలే, నా మాట నమ్ముండ్రి. మా అక్క నిజంగనే తెల్వక అడిగింది. గా అడుగుడే ఆయన్ను ఇప్పటిదాంక తింటున్నది.